స్కోరు పెద్దది, పరీక్ష చిన్నది: 24–1 నుంచి 366 దాకా

ఈ ఎపిసోడ్ ఒక క్విజ్ ప్రశ్నతో మొదలుపెడదాం. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఇండియా హాకీ జట్టుకు టాప్ స్కోరర్ ఎవరు?

మీలో చాలామంది ధ్యాన్‌చంద్ అనే అనుకుంటారు. కాదు. ఆయన తమ్ముడు రూప్ సింగ్. రూప్ సింగ్ 13 గోల్స్, ధ్యాన్‌చంద్ 12. అందులో అమెరికా మీద ఒక్క మ్యాచ్‌లోనే రూప్ సింగ్ 10 గోల్స్ కొట్టిండు. ధ్యాన్‌చంద్ 8 కొట్టిండు. ఆ మ్యాచ్ స్కోరు 24–1.

మరి తొంభై ఏళ్లుగా మనం "హాకీ మాంత్రికుడు" అని అన్ననే ఎందుకు అంటున్నం? అంకెలు చూస్తే తమ్ముడు ముందున్నాడు కదా? ఈ రోజు మన టాపిక్ ఇదే. కాగితం మీద కనిపించే ఆట వేరే, గ్రౌండ్‌లో జరిగిన ఆట వేరే. ఈ రెండింటి మధ్య గ్యాప్ ఎట్లా వస్తది, దానివల్ల ఎవరికి ఏం నష్టం అయింది, అది చూద్దాం. 1932లో మొదలై మన హైదరాబాద్ దాకా వస్తది ఈ కథ.

ముందు 1932 సంగతి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీకి 9 జట్లు వచ్చినయి. నాలుగేళ్ల తర్వాత లాస్ ఏంజెలిస్‌కు వచ్చినవి ఎన్నో తెలుసా? మూడే మూడు. ఇండియా, జపాన్, అమెరికా. అప్పుడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. అంత దూరం ఓడ ఖర్చు పెట్టుకొని జట్టును పంపే స్థితిలో యూరప్ దేశాలు లేవు. అమెరికాలో హాకీ అంటే మంచు మీద ఆడే ఐస్ హాకీ. గడ్డి మీద ఆడే హాకీని మగవాళ్లలో పట్టించుకున్నోళ్లు తక్కువ.

ఫలితాలు చూడండి. ఇండియా జపాన్ మీద 11–1. జపాన్ అమెరికా మీద 9–2. ఇండియా అమెరికా మీద 24–1. అంతే, టోర్నమెంట్ అయిపోయింది. అమెరికా రెండు మ్యాచ్‌లు ఆడి రెండూ ఓడిపోయి, కాంస్య పతకం తీసుకొని ఇంటికి పోయింది. ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఒలింపిక్ మెడల్! రికార్డు పుస్తకంలో ఆ మెడల్ కూడా మిగతా మెడల్స్ పక్కనే ఉంటది, ఏ చుక్క గుర్తూ లేకుండా.

ఇండియాకు 2 మ్యాచ్‌లలో 35 గోల్స్. సగటున మ్యాచ్‌కు 17.5. ఈ నంబర్ అబద్ధమా? కాదు. ప్రతి గోల్ నిజంగానే పడ్డది. కానీ ఆ నంబర్ "ఇండియా ఎంత బాగా ఆడింది" అనే ప్రశ్నకు జవాబు కాదు. "ఇండియాకు, అమెరికాకు మధ్య ఎంత దూరం ఉంది" అనే ప్రశ్నకు జవాబు. మనం ఒక ప్రశ్న జవాబు తెచ్చి ఇంకో ప్రశ్న కింద రాస్తున్నం.

అదే ఏడాది ఇంకో ఇండియా జట్టు ఇంకో దేశంలో ఆడింది. 1932 జూన్, ఇంగ్లండ్, లార్డ్స్ మైదానం. ఇండియా మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్. కెప్టెన్ సి.కె.నాయుడు. నాగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. అప్పటికే వయసు 36. ఇండియా 158 పరుగుల తేడాతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్‌లో ఇండియా 189కి ఆలౌట్, అందులో అందరికంటే ఎక్కువ నాయుడివే, 40 పరుగులు. ఆయన మొత్తం కెరీర్ 7 టెస్టులు, సగటు 25. ఇప్పుడు ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూసిన పిల్లోడు "ఇంతేనా?" అంటడు. లాస్ ఏంజెలిస్‌లో 10 గోల్స్, లార్డ్స్‌లో 40 పరుగులు. రెండింటిలో ఏ పరీక్ష కఠినం? స్కోరు చూస్తే ఒక జవాబు వస్తది, ఎదుట ఎవరున్నారో చూస్తే ఇంకో జవాబు వస్తది.

మా శ్రీరాంపూర్ వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మా దగ్గర రెండు రకాల గనులున్నయి. ఆర్కే బాయిల లాంటి అండర్‌గ్రౌండ్ గనులు, ఓపెన్‌కాస్ట్. ఓసీలో షావల్, డంపర్ నడుస్తుంటే ఒక షిఫ్ట్‌లో ఒక మనిషి లెక్కకు వచ్చే బొగ్గు టన్నులు వేరే. భూమి కింద పైకప్పు చూసుకుంటూ, నీళ్లలో, వేడిలో పనిచేసే మనిషి లెక్కకు వచ్చే టన్నులు వేరే. ఆ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి "చూడు, వీడు ఎక్కువ కష్టపడ్డడు" అని ఎవడన్నా అంటే, చాయ్ దుకాణం కాడనే నవ్వుతరు. బొగ్గు విషయంలో ఇంత తెలివిగా ఉన్న మనం, ఆటల దగ్గరికి రాంగనే స్కోరు చూసి మురిసిపోతం.

సరే, హాకీలోకి వద్దాం. ఇందులో అంకెలు మోసం చేసే చోట్లు కొన్ని ప్రత్యేకంగా ఉన్నయి. మొదటిది గోల్‌కీపర్.

రిచర్డ్ అలెన్ అని ఇండియా గోల్‌కీపర్. 1928, 1932, 1936 మూడు ఒలింపిక్స్ ఆడి, మూడింటిలో కలిపి ఆయన ఇచ్చిన గోల్స్ రెండే. 1928లో 5 మ్యాచ్‌లలో ఒక్కటి కూడా లేదు. 1932లో అమెరికా కొట్టిన ఆ ఒక్క గోల్, 1936 ఫైనల్లో జర్మనీ కొట్టిన ఒక్క గోల్. ఈ నంబర్‌ను ఈ కాలంలో ఏ గోల్‌కీపర్ అందుకుంటడు? ఆ అమెరికా గోల్ పడ్డప్పుడు అలెన్ గోల్ వెనక ఆటోగ్రాఫ్‌లు ఇస్తున్నడు అని ఒక కథ ఉంది. నిజమో, తర్వాత అల్లిందో, కానీ ఆ కథ పుట్టిందంటేనే అర్థం చేసుకోవచ్చు. బంతి ఆయన దగ్గరికి వస్తేనే కదా ఆపడానికి! అలెన్ గొప్ప కీపర్ కాదని నేను అనడం లేదు. గొప్పోడా కాదా అనేది ఆ "రెండు" అనే అంకె చెప్పలేదు అంటున్న.

ఇప్పుడు దీని పక్కన 2021 ఆగస్టు 5 పెట్టండి. టోక్యో, కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్. ఇండియా 5–4తో గెలిచింది. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ మెడల్. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆ ఒక్క మ్యాచ్‌లో ఇచ్చిన గోల్స్ నాలుగు. అలెన్ మూడు ఒలింపిక్స్‌లో ఇచ్చినదానికి డబుల్, ఒక్క రోజులో! అయినా ఆ రోజు హీరో శ్రీజేషే. ఆఖరి సెకన్లలో జర్మనీకి పెనాల్టీ కార్నర్ వస్తే, దాన్ని ఆపి గోల్‌పోస్ట్ మీద ఎక్కి కూర్చున్నడు. టేబుల్‌లో మాత్రం "ఇచ్చిన గోల్స్: 4" అనే ఉంటది.

చిత్తూరు జిల్లా నుంచి ఇండియా మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమరపు మీకు తెలిసే ఉంటది. 2018 ఏషియన్ గేమ్స్ జట్టులో ఆమె ఉన్నది. ఆ టోర్నీలో మన అమ్మాయిలు కజకిస్తాన్ మీద 21–0తో గెలిచిండ్రు. అట్లాంటి మ్యాచ్‌లో ఇండియా గోల్ దగ్గర ఎవరు నిలబడ్డా సున్నానే వస్తది. అదే జట్టు ఫైనల్లో జపాన్ చేతిలో 1–2తో ఓడింది. గోల్‌కీపర్ పని ఎంతో తెలిసేది ఆ రెండో మ్యాచ్‌లో.

రెండో చోటు, గోల్ కొట్టినోడి పేరు. పెనాల్టీ కార్నర్ చూసే ఉంటరు. ఒకడు గోల్ లైన్ నుంచి బంతిని నెడతడు. ఇంకొకడు "డి" అంచు మీద దాన్ని కదలకుండా ఆపుతడు. మూడోవాడు డ్రాగ్ ఫ్లిక్ కొడతడు. స్కోర్‌షీట్‌లో ఎక్కేది ఆ మూడోవాడి పేరు ఒక్కటే. అసలు ఆ కార్నర్ ఎట్లా వచ్చింది? ఒక ఫార్వర్డ్ ఇద్దరు డిఫెండర్లను దాటుకుంటూ డి లోపలికి దూరితే, వాళ్లు ఆపలేక ఫౌల్ చేస్తే వచ్చింది. వాడి కష్టం ఏ కాలమ్‌లో ఉంది? ఎక్కడా లేదు. అందుకే హాకీలో గోల్స్ లిస్ట్ చూసి "ఎవడు బెస్ట్ ప్లేయర్" అని తేల్చడం కుదరదు. ఫ్లిక్ కొట్టడం గొప్ప నైపుణ్యమే. కానీ ఆ లిస్ట్‌లో నలుగురి పని ఒకరి పేరు మీద రాసి ఉంటది.

హైదరాబాద్ ఆటగాడు ఎన్.ముకేశ్ కుమార్‌ను ఈ కళ్లతో చూడాలి. ఫార్వర్డ్. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్. అర్జున అవార్డు, పద్మశ్రీ. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? ఆయన ఆడిన కాలంలో ఇండియాకు ఒలింపిక్ మెడల్ లేదు. పాత రోజుల 24–1 లాంటి స్కోర్లూ లేవు. రీల్‌లో పెట్టడానికి పెద్ద నంబర్ దొరకని ఆటగాడు అసలు లేనట్టే అయిపోయిండు.

ఇప్పుడు అన్నింటికంటే బాధ పెట్టే ఉదాహరణ. 2018 ఆగస్టు, జకార్తా ఏషియన్ గేమ్స్. ఈసారి మగవాళ్ల హాకీ. ఇండియా లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు వినండి. ఇండోనేషియా మీద 17–0. హాంకాంగ్ మీద 26–0. జపాన్ మీద 8–0. కొరియా మీద 5–3. శ్రీలంక మీద 20–0. హాంకాంగ్ మ్యాచ్‌తో 1932 నాటి 24–1 కూడా దాటిపోయింది, ఇండియా హాకీలో అతి పెద్ద విజయం అది. 5 మ్యాచ్‌లలో 76 గోల్స్. ఇచ్చినవి మూడే. ఆ వారం పేపర్లలో, ఫోన్లలో ఒకటే పండగ.

డేటాతో పనిచేసేవాళ్లు ఒక చిన్న పని చేస్తరు. నేను సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న పనికొచ్చే విషయాల్లో ఇది ఒకటి. పెద్ద పెద్ద నంబర్లను కాసేపు పక్కన పెట్టి, మిగిలింది చూడటం. చేద్దామా? 17, 26, 20 తీసేయండి. 63 గోల్స్ పోయినయి. మిగిలినవి 13, రెండు మ్యాచ్‌లలో. ఇంకా బాగానే ఉంది కదా అనిపిస్తది. కానీ ఆ రెండింటిలో కూడా గట్టిగా ఎదురు నిలబడింది కొరియా ఒక్కటే. ఇండియా మొత్తం లీగ్‌లో ఇచ్చిన 3 గోల్స్ ఆ ఒక్క మ్యాచ్‌లోనే వచ్చినయి. అంటే లీగ్ మొత్తంలో మన డిఫెన్స్‌కు పరీక్ష జరిగింది ఒక్కసారి, అందులోనే చిల్లులు కనిపించినయి. 76 అనే నంబర్ వెలుగులో అవి ఎవరికీ కనపడలేదు.

తర్వాత సెమీఫైనల్, మలేషియాతో. మ్యాచ్ 2–2. షూటౌట్‌లో 6–7. ఇండియా ఓడిపోయింది. ఆఖరికి పాకిస్తాన్ మీద 2–1తో గెలిచి కాంస్యంతో సరిపెట్టుకున్నం. గోల్డ్ ఎవరికొచ్చింది? జపాన్‌కు. లీగ్‌లో మన చేతిలో 0–8తో ఓడిన జపాన్‌కే!

ఇది ఒక మెడల్ రంగు గొడవ మాత్రమే కాదు. ఆ గోల్డ్ గెలిచి ఉంటే టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా టికెట్. అది పోయింది. 2019 నవంబర్‌లో భువనేశ్వర్‌లో రష్యాతో క్వాలిఫయర్ ఆడి, గెలిచి, అప్పుడు పోవాల్సి వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఒకటి తేడా కొట్టి ఉంటే? శ్రీజేష్ గోల్‌పోస్ట్ ఎక్కిన ఆ ఫోటో ఉండేదే కాదు.

ఇక మన ఇంటి కథ. ఇది హాకీ కాదు, క్రికెట్. కానీ దీనికంటే చక్కటి ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఇందులో నంబర్ ఒకటే, ఆట రెండు.

1994 జనవరి, సికింద్రాబాద్. రంజీ ట్రోఫీ, హైదరాబాద్ వర్సెస్ ఆంధ్ర. హైదరాబాద్ 6 వికెట్లకు 944 కొట్టి డిక్లేర్ చేసింది. రంజీ చరిత్రలో అతి పెద్ద స్కోరు అది. వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. అందరికంటే పైన డాక్టర్ ఎం.వి.శ్రీధర్, 366. ఆయన క్రీజులో ఉన్నంతసేపు జట్టు చేసిన పరుగులు 850.

2024 జనవరి, హైదరాబాద్. మళ్లీ రంజీ, మళ్లీ హైదరాబాద్ జట్టు. ఎదుట అరుణాచల్ ప్రదేశ్. తన్మయ్ అగర్వాల్ 181 బంతుల్లో కొట్టిన స్కోరు ఎంతో చూడండి. 366! సరిగ్గా అదే నంబర్. 26 సిక్సర్లు. 147 బంతుల్లోనే ట్రిపుల్ సెంచరీ, ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లోనే అతి వేగం. మొదటి రోజు ఆట ముగిసేసరికి జట్టు స్కోరు 1 వికెట్‌కు 529. మ్యాచ్ ఇన్నింగ్స్ 187 పరుగుల తేడాతో గెలిచిండ్రు.

రికార్డుల పేజీలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటరు. కానీ 2024 మ్యాచ్ ఏ గ్రూపులో జరిగింది? ప్లేట్ గ్రూపులో. రంజీలో పై స్థాయి ఎలైట్, కింది స్థాయి ప్లేట్. అంతకుముందు సీజన్‌లో ఎలైట్‌లో హైదరాబాద్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక కిందికి పడిపోయింది. అరుణాచల్ రంజీలోకి వచ్చిందే 2018–19లో. అంటే పైన గెలుపు దొరకని జట్టు, కింద ఒక్క రోజులో 529 కొట్టింది. ఏడాదిలో ఆట అంత మారిపోయిందా? ఎదుటివాళ్లు మారిండ్రు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. దీన్ని తన్మయ్ మీద వెటకారంగా వాడుకోవద్దు. ఆ రోజు ప్లేట్ గ్రూపులో ఆడినోళ్లు చాలామంది ఉన్నరు, 366 కొట్టింది ఒక్కడే. 147 బంతుల్లో 300 అంటే ఏ బౌలింగ్ మీదనైనా చేతులకు, ఊపిరికి పరీక్షే. బ్యాట్స్‌మన్ తన ముందు వచ్చిన బంతినే ఆడతడు, ప్రత్యర్థిని తను ఎంచుకోడు. తప్పు చేసేది మనం. "366 కొట్టిండు, ఇండియా టీమ్‌లోకి ఎందుకు తీసుకోరు?" అని ఒక థంబ్‌నెయిల్ పెట్టి వదిలేస్తం. రెండు నెలల తర్వాత వాడు 20కి అవుటైతే మనమే "వేస్ట్" అని పెడతం.

శ్రీధర్ మీద కూడా అదే పరీక్ష చేద్దాం. ఆయన ఫస్ట్ క్లాస్ కెరీర్ 6701 పరుగులు, సగటు 48.91, సెంచరీలు 21. అందులోంచి ఆ 366 ఇన్నింగ్స్ మొత్తం తీసేయండి. సగటు ఎంతకు పడుతది? లెక్క వేస్తే సుమారు 46.6. రెండు పరుగుల చిల్లర మాత్రమే తగ్గింది! అంటే ఈయన ఒక్క పెద్ద స్కోరు మీద నిలబడ్డ ఆటగాడు కాదు. ఏళ్ల తరబడి, రకరకాల జట్ల మీద, రకరకాల పిచ్‌ల మీద కొట్టినోడు. ఇంత ఉన్నా ఆయన ఇండియాకు ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2017లో 51 ఏళ్లకే పోయిండు. ఈరోజు ఆయన పేరు ఎక్కడన్నా వస్తే ఆ 366తోనే వస్తది. నిజానికి ఆయన గొప్పతనం మిగతా 6335 పరుగుల్లో ఉంది.

ఇది నాకు ఈ ఎపిసోడ్ తయారుచేస్తుంటే బాగా తగిలిన విషయం. పెద్ద నంబర్ ఎదుటివాళ్లనే కాదు, కొట్టినోణ్ని కూడా మింగేస్తది. రూప్ సింగ్‌నే చూడండి. ఆయన నిజంగా గొప్ప ఆటగాడు. అది తెలియాలంటే 1932 కాదు, 1936 చూడాలి. బెర్లిన్‌కు 11 జట్లు వచ్చినయి. టోర్నీకి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో జర్మనీ ఇండియాను 4–1తో ఓడించింది. ఆగస్టు 15న అదే జర్మనీతో, వాళ్ల దేశంలో, వాళ్ల జనం ముందు ఫైనల్. హాఫ్ టైమ్‌కు స్కోరు 1–0 మాత్రమే. అక్కడినుంచి 8–1తో గెలిచిండ్రు. అన్నదమ్ములిద్దరూ ఆ జట్టులో ఉన్నరు. ఆ 8 గోల్స్ బరువు ముందు లాస్ ఏంజెలిస్ 24 ఎంత? కానీ గూగుల్‌లో రూప్ సింగ్ అని కొడితే అందరికీ ముందు దొరికేది ఆ 10 గోల్సే.

కాబట్టి అంకెలు చూడొద్దని నేను చెప్పను. నేను కూడా రోజూ చూస్తా. స్కోర్‌షీట్ లేకపోతే మా దగ్గరి పిల్లల్లాంటి వాళ్లకు ఇంకా నష్టం. కాలనీ గ్రౌండ్‌లో ఎంత బాగా ఆడినా ఎవడూ రాసిపెట్టకపోతే, సెలెక్షన్‌కు పోయినప్పుడు చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. అంకె కావాలె. కానీ అంకె చూసినప్పుడు దాని పక్కన ఖాళీగా ఉన్న కాలమ్ కూడా మనసులో నింపుకోండి. ఎదుట ఎవరున్నరు, దీని వెనక ఇంకా ఎవరి చేయి ఉంది, ఆ ఒక్క పెద్ద స్కోరు తీసేస్తే ఏం మిగులుతది.

మీకు తెలిసిన ఆటగాళ్లలో, కబడ్డీ కావచ్చు, వాలీబాల్ కావచ్చు, మీ ఊరి టెన్నిస్ బాల్ క్రికెట్ కావచ్చు, స్కోర్‌బుక్‌లో పేరు లేకపోయినా మ్యాచ్ నిలబెట్టినోడు ఒకడు తప్పకుండా ఉంటడు. వాడి గురించి కామెంట్‌లో రెండు లైన్లు రాయండి, ఏ మ్యాచ్‌లో ఏం చేసిండో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.